ఈ ఇంట్లో చీపురు ఎక్కడ పెడతారు?

ఇల్లు సర్దుకోవడానికి తీరిక లేనివాళ్ళే ఇళ్ళ అలంకరణ పత్రికలు ఎక్కువగా చదువుతారని నా గట్టి నమ్మకం. తీరికున్నవాళ్ళు శుభ్రంగా ఇల్లు సర్దుకుంటారు. మనం, అంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఐటీలో ఉండి, పొద్దున్న స్టాండప్ మీటింగుకీ రాత్రి ఆన్‌సైట్ కాల్‌కీ మధ్యలో పిల్లల హోంవర్కు ఇరికించుకునే జనం, సోఫా మీద గుట్టగా పడున్న ఉతికిన బట్టల్ని పక్కకి తోసి, ఆ ఖాళీలో కూర్చుని, ఎవరిదో తెల్లటి సోఫా బొమ్మ చూసి ఆహా అనుకుంటాం. అందులో తప్పేమీ లేదని చెప్పడానికే ఈ టపా. కాకపోతే ఎలా చూడాలి అన్నదాని మీద నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. అవి ఈ మధ్య మా ఊళ్ళో ఇంటి విషయంలో బాగా పనికొచ్చాయి కాబట్టి రాయాలనిపించింది.

మాది ఆమదాలవలస. తెలీనివాళ్ళ కోసం: మా ఊళ్ళో రైల్వే స్టేషనుంది గానీ ఆ స్టేషనుకి మా ఊరి పేరు లేదు. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. శ్రీకాకుళం వెళ్ళాల్సినవాళ్ళు మా ఊళ్ళో దిగి, మా ఊరి పేరు కూడా తెలుసుకోకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోతారు. ఆ కడుపుమంట అలా ఉంచితే, ఇలాంటి పత్రిక నేను మొట్టమొదట చూసింది విశాఖ ఎక్స్‌ప్రెస్‌లోనే. ఎవరో పెద్దమనిషి చదివేసి బెర్తు మీద వదిలేసి దిగిపోతే ఇంటికి తెచ్చుకున్నాను. నున్నటి కాగితం, ప్రతి పేజీలో ఒక హాలు. ఒక్క హాలులోనూ మనిషి లేడు. టెన్త్ అయ్యేదాకా ఆ పత్రిక మా ఇంట్లో ఉంది, తర్వాత లెక్కల పుస్తకానికి అట్ట అయిపోయింది.

ఇప్పుడు హైదరాబాదులో మా ఆవిడ వీటికి చందా కడుతుంది. కొన్ని కాగితం మీద, కొన్ని టాబ్లెట్లో. ఆదివారం పొద్దున్న టిఫిను అయ్యాక ఓ అరగంట నలుగురం కలిసి చూస్తాం. రీల్సులో హోమ్ టూర్లు కావలసినన్ని ఉన్నాయి కదా, పత్రికెందుకు అని మా బావ అడిగాడు. పత్రికకి చివరి పేజీ ఉంటుంది బావా అన్నాను. బిజీగా ఉండే కుటుంబానికి అంతకన్నా పెద్ద సౌకర్యం లేదు. రీలు అయిపోదు. అది అయిపోయేలోపల మన ఆదివారం అయిపోతుంది.

ఆయన రెండో ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. "ఇవన్నీ చూస్తే ఉన్న ఇల్లు నచ్చకుండా పోదూ? డబ్బున్నవాళ్ళ ఇళ్ళు చూసి మీరిద్దరూ గొడవ పడ్డమే గానీ" అన్నాడు. నిజమే, చాలా ఇళ్ళల్లో జరిగేది అదే. బొమ్మ చూడ్డం, మనిల్లు ఎప్పుడిలా ఉంటుందని ఒకరనడం, నీ వల్లే ఉండట్లేదని రెండోవాళ్ళనడం, ఆ గొడవ చల్లారడానికి కారు ఖరీదుతో ఒక మాడ్యులర్ కిచెనూ, దానికో ఈఎంఐ. ఇది నా కొలీగ్సులో కనీసం ముగ్గురి కథ. అందుకని మా ఇంట్లో వీటిని సినిమా చూసినట్టు చూస్తాం. విఠలాచార్య సినిమా చూసి మనకో ఎగిరే తివాచీ లేదని ఏడవం కదా!

సినిమా అని ఊరికే అనలేదు. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది తెలిసుండాలి. ఐకియావాళ్ళ కేటలాగు గుర్తుందిగా? 1951లో మొదలై, ఒక దశలో, 2016లో, ఏడాదికి 20 కోట్ల ప్రతులు 32 భాషల్లో అచ్చయి, 2020 డిసెంబరులో ఇక వెయ్యమని వాళ్ళు ప్రకటించేదాకా నడిచింది. అందులో 2006లో బెర్టిల్ అనే ఒక కుర్చీ బొమ్మ కెమెరాతో తీయకుండా కంప్యూటర్లో రెండర్ చేసి వేశారు. ఎవరూ పట్టుకోలేదు. 2014 నాటికి వాళ్ళ ఉత్పత్తుల బొమ్మల్లో దాదాపు 75 శాతం అలా తయారైనవేనని వాళ్ళే చెప్పారు. అంటే మనం అసూయపడ్డ ఆ వంటిళ్ళల్లో చాలావాటిలో ఎవరూ వండలేదు సరికదా, అవి భూమ్మీద ఎక్కడా లేవు! ఆ పోపు ఘాటు లేని ఓపెన్ కిచెను ఒక ఫైలు. 2018 ఆగస్టులో హైదరాబాదులో ఐకియా తెరిచినప్పుడు హైటెక్ సిటీ ట్రాఫిక్ మొత్తం స్తంభించిపోయింది గుర్తుందా, ఆ జనంలో బోలెడుమంది రోజంతా రెండరింగు పనే చేసేవాళ్ళయ్యుంటారు :)

మా ఇంట్లో దీన్నో ఆట చేసింది మా అమ్మ. కిందటేడు మోకాళ్ళ నొప్పికి చూపించుకోడానికి హైదరాబాదొచ్చి నెల్లాళ్ళుంది. ఆదివారం మాతోపాటు కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఒక పేజీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏట్రా ఇది, ఈ ఇంట్లో మనుసులుండరేటి? సూడ్డానికి బాగానే ఉన్నాది గానీ... ఈలు చీపురెక్కడ ఎడతారు?" అంది. అంతే, పిల్లలు పట్టేసుకున్నారు. అప్పట్నించీ ప్రతి పేజీకీ అదే ఆట. ఈ ఇంట్లో ఏం లేదో చెప్పాలి. స్విచ్చిబోర్డు లేదు. ఫోను ఛార్జరు లేదు. చెప్పులు లేవు. గ్యాసు బండ లేదు. మంచినీళ్ళ ఫిల్టరు లేదు. బట్టలారేసుకునే దండెం లేదు. దేవుడు ఉంటే హాల్లో నాలుగడుగుల బుద్ధుడు, అగరొత్తుల మసి మాత్రం లేదు. మా పాప ఒకసారి పదిహేడు చెప్పింది. మధ్యలో ఒక పేజీలో గాజు బల్ల మీద ఇత్తడి చెంబు, పక్కన కళ్ళు తిరిగే ధర. "ఓలమ్మా, ఇది బుడితి చెంబు కాదేటి! ఇలాటివి మన అటక మీద నాలుగున్నాయి" అని అమ్మ. బుడితి మా జిల్లాలోనే సారవకోట మండలంలో ఊరు, ఇత్తడి పనికి పేరు. ఆ నాలుగింటిలో రెండు ఇప్పుడు మా ఫ్లాటులో ఉన్నాయి, ఒకదాంట్లో రిమోట్లు వేస్తాం.

సరే, ఆటలు అలా ఉంచి, ఈ పత్రికలు మొదట్నించీ ఇలా మనుషుల్లేని ఇళ్ళనే చూపించాయా అంటే, లేదు. అమెరికాలో ఎడ్విన్ మెరిడిత్ అనే ఆయన రైతుల పత్రికతో మొదలుపెట్టి, కొన్నాళ్ళు వాళ్ళ దేశానికి వ్యవసాయ మంత్రిగా చేసి, 1922లో ఇళ్ళకీ తోటలకీ ఒక పత్రిక పెట్టాడు. రెండేళ్ళకి దాని పేరు బెటర్ హోమ్స్ అండ్ గార్డెన్స్ అయింది. (మన రామోజీరావూ 1969లో అన్నదాతతోనే మొదలుపెట్టారు, ఈనాడు 1974లో. కానీ తెలుగులో ఇంటి గురించిన రాతలు ఎక్కువగా వసుంధర పేజీలో ఓ మూలనే కనిపించేవి.)

ఇంకా వెనక్కి వెళ్తే నాకు బాగా నచ్చిన మనిషి ఒకావిడ ఉంది, క్రిస్టీన్ ఫ్రెడరిక్. ఫ్యాక్టరీల్లో పనిని స్టాప్‌వాచీ పెట్టి కొలిచిన టేలర్ పద్ధతి విని, ఇదే వంటింట్లో ఎందుకు చెయ్యకూడదు అనుకుని, 1912లో లేడీస్ హోమ్ జర్నల్ అనే పత్రికలో వరసగా వ్యాసాలు రాసింది. పొయ్యి ఎక్కడుంది, గిన్నెలెక్కడున్నాయి, ఒక వంట చెయ్యడానికి ఆవిడ ఎన్ని అడుగులు వెయ్యాలి, వాటిల్లో ఎన్ని దండగ? ప్రొఫైలింగే కదా! మనం కోడ్‌లో ఏ లూపు టైము తినేస్తోందో చూసినట్టు ఆవిడ వంటింట్లో చూసింది. ఆ ఆలోచనే జర్మనీ చేరి, 1926లో మార్గరెటె షుట్టె లిహోట్స్కీ చేతిలో ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ అయింది. 1.9 మీటర్లు, 3.4 మీటర్లు, అంతే వంటిల్లు. ఆవిడ రైల్లో భోజనాల పెట్టెకుండే వంటగదిని చూసి నేర్చుకుంది. అంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారా అని. అలాంటివి ఆ ఊళ్ళో సుమారు 10,000 కట్టారు. మన ఇళ్ళల్లో ఇప్పుడు కనిపించే మాడ్యులర్ కిచెన్‌కి మూలం అదే. అప్పటిదాకా ఆవిడ ఎప్పుడూ వంట చెయ్యలేదట, ఆ సంగతి ఆవిడే తర్వాత చెప్పింది :)

నేను చెప్పదల్చుకున్నది ఇక్కడుంది. ఒకప్పుడు ఆ పత్రికల్లో ప్రశ్న "ఈ ఇంట్లో మనిషి ఎన్ని అడుగులు నడవాలి" అని. ఇప్పుడు ఆ ప్రశ్న పోయి బొమ్మ మిగిలింది. బొమ్మని బొమ్మలాగే చూసి సంతోషించండి, నేనూ అదే చేస్తాను. కానీ నిజంగా మీ ఇంటి మీద డబ్బు పెట్టాల్సొచ్చినప్పుడు ఆ పాత ప్రశ్న అడగండి. పేజీ మూలన అప్పుడప్పుడూ పోస్టు స్టాంపంత ప్లాన్ వేస్తారు చూడండి, ఆ వ్యాసం మొత్తమ్మీద పనికొచ్చేది అదొక్కటే.

ఇక మా ఇంటి సంగతి. ఉత్తరాంధ్ర పల్లెలు చూసినవాళ్ళకి వరస ఇళ్ళు తెలుసు. వీధికి అటూ ఇటూ, ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేకుండా, రెండిళ్ళకీ ఒకే గోడ. ముందు అరుగులన్నీ కలిసిపోయి రైలు ప్లాట్‌ఫారంలా ఉంటాయి. మాది అలాంటిదే. వెడల్పు పద్నాలుగు అడుగులు, పొడుగు తొంభైకి తక్కువుండదు. వీధి గుమ్మంలో నిలబడితే సావిడి, నట్టిల్లు, వంటిల్లు అన్నీ దాటి పెరట్లో నుయ్యి కనిపిస్తుంది. పక్కన కిటికీ అనే ప్రశ్నే లేదు, పక్కన పక్కింటివాళ్ళుంటారు. వెలుగు ముందునుంచీ వెనకనుంచీ రావాలి, మధ్యలో పెంకుల్లో బిగించిన ఒక అద్దం పలకలోంచి కాస్త వస్తుంది.

బెంగుళూరులో ఉండే మా తమ్ముడు దీన్ని పడగొట్టి డూప్లెక్స్ కడదామంటాడు. వాడి ఫోనులో దానికోసం ఒక ఫోల్డరుంది, అరవై పైచిలుకు స్క్రీన్‌షాట్లు. నాలుగువైపులా నిలువెత్తు అద్దాలు, మధ్యలో మెట్లు గాల్లో తేలుతూ ఉంటాయి. బాగున్నాయి, కాదనను. కానీ ఆ ఇళ్ళన్నీ ఖాళీ స్థలంలో ఒంటరిగా నిలబడ్డ ఇళ్ళు. మా దూలాలూ పక్కింటివాళ్ళ దూలాలూ ఒకే గోడ మీద కూర్చున్నాయి. మాది పడగొడితే వాళ్ళది ఏమవుతుంది? మాది రెండంతస్తులు లేస్తే మా స్లాబు మీది వాన వాళ్ళ పెంకుల మీదకి పోదా? ఇంక అద్దాల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో ఏం చేసిందో, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరీ జీడితోటల్ని ఎలా పడుకోబెట్టిందో చూసినవాళ్ళం, మా జిల్లాలో నిలువెత్తు అద్దం బిగించేముందు కాస్త ఆలోచించాలి.

మా తీరంలో మత్స్యకారుల చుట్టిళ్ళుండేవి, ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు కప్పు గొడుగులా దాదాపు నేల దాకా దిగి ఉంటుంది. లోపలికి వంగి వెళ్ళాలి. గాలి ఎటునుంచి కొట్టినా దానికి తగలడానికి మూల దొరకదు, చుట్టూ జారిపోతుంది. నిప్పంటుకుంటే మాత్రం నిమిషాల్లో పోతుంది, అందుకని కాంక్రీటు ఇళ్ళు రావడం మంచిదే, ఆ గుడిసెలో ఉండనివాణ్ణి నేను దాన్ని పొగుడుతూ కూర్చోకూడదు. కానీ గాలిని చూసి ఇల్లు గీసినవాడు ఒకడు మా తీరంలోనే ఉన్నాడన్నది గుర్తుంచుకోవాలి కదా. అద్దాల డూప్లెక్స్ గీసినవాడు కనీసం ఏ ఊరికి గీస్తున్నాడో అడగలేదు.

మళ్ళీ మా ఇంటికి. స్నానాలగదీ మరుగుదొడ్డీ పెరట్లో ఉన్నాయి, నుయ్యి పక్కన. మొన్న వానాకాలంలో ఒక రాత్రి అమ్మ పెరట్లో కాలు జారి పడింది. ఎముక విరగలేదు, అదృష్టం. గంటసేపు వానలో అలాగే కూర్చుండిపోయిందట, నాన్నకి చెవుడు, కేక వినపడలేదు. ఆ సంగతి మాకు నాలుగు రోజుల దాకా చెప్పలేదు. చెప్పాక తమ్ముడు ఫోల్డరు పంపించాడు. నేను దసరాకి వెళ్ళినప్పుడు మా పాపని పిలిచి, నానమ్మ మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా లెక్కపెట్టమన్నాను. 58 అడుగులు, మూడు గడపలు, నాలుగు మెట్లు, అందులో ఆఖరి రెండు మెట్లు వానలో. రాత్రికి రెండుసార్లంటే రానూపోనూ ఎంతో మీరే వేసుకోండి. తమ్ముడి అరవై బొమ్మల్లో పట్టుకుని లేవడానికి ఒక్క కమ్మీ లేదు. ఆ బొమ్మల్లో ఇళ్ళన్నీ ముప్ఫై అయిదేళ్ళ మోకాళ్ళకి కట్టినవి.

ఇంట్లో దానికి చోటుంది. నట్టింటిని ఆనుకుని ధాన్యం గరిసె ఉండే చిన్న గది. పొలం కౌలుకి ఇచ్చాక గరిసె ఖాళీ, అందులో ఇప్పుడు పాత పేపర్లూ, నా ఇంజనీరింగు పుస్తకాలూ ఉన్నాయి. అమ్మ మంచం నుంచి ఆ గదికి 9 అడుగులు, ఒక్క గడప. గడప తీసేస్తే సరి. వెనక వంటింటి పక్కనుంచి గొట్టం పెరట్లోకి తీసుకెళ్ళొచ్చు, మేస్త్రీ చూసి వాలు సరిపోతుందన్నాడు. డూప్లెక్స్ ఖర్చులో ఇది ఏ మూలకి!

అడ్డం డబ్బు కాదు, నాన్న. "నట్టింట్లో పాయిఖానా ఏట్రా! పక్కన దేవుడి గూడుంది. ధాన్యలక్ష్మి ఉన్న గది అది" అన్నాడు. ఆయన రిటైర్డ్ టీచరు, మూఢనమ్మకాల మనిషి కాదు. ఆ గదిలోకి చెప్పులతో వెళ్తే చిన్నప్పుడు నన్ను కొట్టాడు, అంతే. ఈ మాటకి నా దగ్గర లెక్కతో జవాబు లేదు. 58కీ 9కీ తేడా ఎంతో ఆయన నాకన్నా బాగా చెప్పగలడు, లెక్కల మాష్టారే. రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడోరోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని, అమ్మ వినేలా, దేవుణ్ణి సావిడిలోకి మార్చుకోవచ్చుగా, వీధిలో పోయేవాళ్ళు కూడా దణ్ణం పెట్టుకుంటారు అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. తర్వాతరోజు తనే గూట్లో పటాలు తీసి తుడిచింది.

తమ్ముడికింకా కోపం పోలేదు. పాతింట్లో అతుకులేస్తున్నానంటాడు. వాడి ఫోల్డర్లోంచి ఒకటి మాత్రం తీసుకున్నాం, నట్టింటి పైకప్పులో వెలుతురు పడే అద్దం. మా పెంకుల్లో ఉన్న పలకనే నాలుగింతలు పెద్దది చేసి, తుపానుకి తట్టుకునేలా పైన ఇనప చట్రం పెట్టించి. అది వాడు సంక్రాంతికి వచ్చి దగ్గరుండి చేయిస్తానన్నాడు. మేస్త్రీ గరిసె గది పని కనుమ వెళ్ళిన వారానికి మొదలుపెడతాడు. కమ్మీ ఎంత ఎత్తులో బిగించాలని ఫోన్లో అడిగితే, నేను నెట్లో ప్రామాణిక కొలతలు వెతుకుతుండగానే, అమ్మ గోడ దగ్గర నిలబడి, చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసుకుని సుద్దముక్కతో గీత గీసేసిందట. నాన్న టేపుతో కొలిచి చెప్పాడు, 31 అంగుళాలు.